సారయ్య మాట్లాడాలి

“ఆపరేషన్ జరిగినంత సేపూ ఆయన మెలకువగా ఉండాలమ్మా. మాట్లాడుతూనే ఉండాలి” అంది డాక్టర్ అరుణ.

వినోద ఒకసారి డాక్టరు వైపు, ఒకసారి పక్కన కూర్చున్న భర్త వైపు చూసింది.

“ఎవలు మేడం, ఈయననా?”

సారయ్య కొత్తవాడలో మగ్గం మీద షత్రంజీ తివాచీలు నేస్తాడు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అతని నోటి నుంచి నాలుగు మాటలు వస్తే గొప్ప. పది రోజుల కింద మగ్గం మీదే ఫిట్స్ వచ్చి పడిపోతే హన్మకొండ దవాఖానకు తీసుకొచ్చారు. స్కానింగులో మెదడుకు ఎడమ పక్క గడ్డ కనిపించింది. క్యాన్సర్ గడ్డే.

డాక్టర్ ఓపికగా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఉన్న దారులు మూడు. కోత లేకుండా రేడియేషన్ కరెంటు పెట్టి, మాత్రలు వాడొచ్చు. గడ్డ కొంత తగ్గుతుంది కానీ పోదు. పూర్తిగా మత్తిచ్చి ఆపరేషన్ చేయొచ్చు. అయితే గడ్డ సరిగ్గా మాటకు సంబంధించిన చోటును ఆనుకొని ఉంది. దాన్ని తాకుతున్నామో లేదో తెలియదు కాబట్టి జంకి సగం వదిలేయాల్సి వస్తుంది. మూడోది, తల పైన మాత్రం మొద్దుబారేలా సూది ఇచ్చి, మనిషితో మాట్లాడిస్తూ గడ్డ తీయడం. మాట ఆగిందంటే చెయ్యి ఆపేస్తారు. ఆగనంత వరకు తీస్తూ పోవచ్చు. ఆ తర్వాత కరెంటూ మాత్రలూ ఎలాగూ తప్పవు.

“గదే కద మేడం నా పరేశాన్” అంది వినోద. “ఈయన ఊకెనే సప్పుడు జెయ్యకుంట ఉంటడు. మాట పోయిందనుకొని మీరు నడుమల్నే ఆపుతరు. గడ్డ లోపల్నే ఉంటది. పూరా మత్తే ఇయ్యుండ్రి.”

డాక్టర్ సారయ్యను అడిగింది, మీరేమంటారని. అతను నోరు తెరిచేలోగా, ఆయనేమంటాడు, మా ఆడబిడ్డ భద్రమ్మ కూడా మత్తే మంచిదన్నదని వినోద అందుకుంది. డాక్టర్ చెయ్యెత్తి ఆమెను ఆపి, మళ్లీ అతన్నే అడిగింది.

సారయ్య మూడు వేళ్లు చూపించాడు.

ఆ వారమంతా ఆ ఇంట్లో ఒకటే తాలీము. మగ్గానికి ఎదురుగా పీట వేసుకొని కూర్చొని వినోద ప్రశ్నలు అడిగేది. మన పెళ్లి ఎక్కడైంది? అతను గొంతు సవరించుకునేలోగా, పాపం మాట కోసం వెతుక్కుంటున్నాడేమోనని తనే జవాబు అందించేది. చుట్టాల పేర్లు, నూలు రంగులు, ములుగు బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, అన్నీ అడిగింది. వారం తిరిగేసరికి జవాబులన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. అతనికి వచ్చాయో లేదో తెలియలేదు.

ఆపరేషన్ రోజు సిస్టర్ హారిక చేతిలో వినోద రెండు పేజీల కాగితం పెట్టింది. ఆయన ఆగినప్పుడల్లా ఇందులోంచి ఒకటి అడగమని బతిమాలింది. స్ట్రెచర్ కదులుతుంటే భర్త చెయ్యి పట్టుకుంది.

“నీకు దండం బెడత. ఇయ్యాల ఒక్కనాడు మాట్లాడు. నీ బదులు నేను చెప్తనంటే లోపలికి రానియ్యరు.”

సారయ్య ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు. తలుపులు మూసుకున్నాయి.

ఒంటిగంటకల్లా అయిపోతుందన్నారు. రెండయింది. రెండున్నరయింది. ఎక్కడో మాట ఆగిపోయి ఉంటుందనుకుంది వినోద. పక్కనున్నవాళ్లు పలకరిస్తే ఎన్నడూ లేనిది ఆమెకే నోట మాట రాలేదు.

అప్పుడొచ్చింది హారిక, మాస్కు కిందికి లాగుతూ.

“మంచిగైందమ్మా. గడ్డ దాదాపు మొత్తం తీసేసిన్రు. మాటకు ఏం కాలే.”

వినోద కొంగుతో కళ్లు తుడుచుకొని, ప్రశ్నలు సరిపోయాయా అని అడిగింది. ఆ కాగితం మడత కూడా విప్పలేదంది హారిక. మొదటి సూది నుంచి చివరి కుట్టు దాకా అతను ఆగితేనా! ఏ రంగు పక్కన ఏ రంగు వేస్తే పోగు మెరుస్తుందో చెప్పాడట. మగ్గం మీద పడుగు పోగులు తెగిన రోజు ఇంటిల్లిపాదీ పడిన పాట్లు చెప్పి అందర్నీ నవ్వించాడట. తను నేసిన మొదటి నెమలి అంచు చూసి వినోద ఎలా నవ్విందో కూడా చెప్పాడట. కుట్లు పడి అప్పుడే అరగంటయిందట.

“మరి గిప్పటిదాక బయటికి ఎందుకు తేలే సిస్టర్?”

“ముచ్చట నడుమల ఉన్నది. అరుణ మేడం గూడ కుర్సీ ఏసుకొని కూసున్నది.”

వినోదకు నమ్మబుద్ధి కాలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో తను వినని మాటలు లోపల అంతమంది కూర్చొని వింటున్నారు.

“గన్ని మాటలున్నోడు ఇంట్ల ఎందుకు మాట్లాడడు మరి?”

“మేం గూడ గదే అడిగినమమ్మా” హారిక నవ్వు ఆపుకుంటూ అంది. “‘ఇరవై ఆరేండ్ల సంది సూస్తున్న బిడ్డా, ఇంట్ల నా వంతు ఇంకా రాలే’ అన్నడు.”