రికార్డులో గొంతు

మొదటిరోజే మాస్టారు ఆ రికార్డు పెట్టారు. పెట్టకపోతే బాగుండేది.

లైబ్రరీ మేడమీద గది. పదకొండు పాత కంప్యూటర్లు, పనిచేసేవి తొమ్మిది. సైబర్ సెక్యూరిటీలో ఓనమాలు కూడా రానివాళ్ళకి వారానికి రెండు మధ్యాహ్నాలు పాఠం. టైలరు పిన్నిగారు చేరారు. బస్సు డ్రైవరు చేరాడు. రిటైరైన లెక్కల టీచరు చేరాడు. చివరి బెంచీలో ఆమె.

దరఖాస్తులో 'ఇంతకుముందు చేసిన పని' అన్నచోట ఆమె ఖాళీ వదిలేసింది. కంప్యూటరు ముట్టుకోవడం అదే మొదలు. చచ్చిన ఎలకని ఎత్తినట్టు మౌసుని రెండు వేళ్ళతో పట్టుకుంది.

మోసం ఎలా ఉంటుందో ముందు చెవులారా వినండంటూ మాస్టారు గోడకున్న స్పీకరు పెట్టారు. నిజం ఫోన్ కాల్. పేర్లు చెరిపేశారు. ఇద్దరు ఆడవాళ్ళు. బ్యాంకు నుంచంటూ ఒకావిడ చేసింది. మీ ఖాతాలోకి ఎవరో దూరుతున్నారమ్మా, ఆపాలంటే మీ ఫోన్‌కొచ్చిన ఆరంకెలు చెప్పాలమ్మా అంది. రెండో ఆవిడ హడలిపోయింది.

"కంగారు పడకండమ్మా, గుక్కెడు మంచినీళ్ళు తాగండి," అంది బ్యాంకావిడ, వెన్నపూసలాంటి గొంతుతో.

గ్లాసు చప్పుడు. గుటక చప్పుడు. ఆపైన రెండో ఆవిడ బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు ఆరంకెలూ అప్పజెప్పేసింది. అక్కడితో ఆగిందా? "నువ్వు చల్లగా ఉండాలి తల్లీ," అని దీవించి మరీ ఫోన్ పెట్టేసింది.

గది గొల్లుమంది. నవ్వరా మరి, పోయింది తమది కాదుగా. లెక్కల టీచరు ఆ దీవించినావిడకి 'పిచ్చితల్లి' అని పేరు పెట్టాడు. ఆ పేరే ఖాయమైంది. ఆనాటినుంచి క్లాసులో ఎవరు తప్పు మీట నొక్కినా "చల్లగా ఉండాలి తల్లీ" అని వెక్కిరింతే.

చివరి బెంచీలో ఆమెకి చెవులు కాలిపోయాయి. ఆ రికార్డులో తన గొంతుంది. తొమ్మిది నెలలుగా పాతిపెట్టుకున్న గొంతు, ఇంతమంది మధ్య స్పీకరులో. భూమి చీలి మింగేస్తే బాగుణ్ణనుకుంది. చీలదు. మనక్కావలసినప్పుడు అసలే చీలదు.

ఇక నోరు విప్పలేదు. విప్పితే పట్టేస్తారు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. సందేహమొస్తే చీటీ రాసేది. కొందరు మూగదనుకున్నారు, కొందరు పొగరనుకున్నారు. 'మౌనమ్మ' అన్నారు. పిన్నిగారొక్కరే పక్కన కూర్చుని, తన టిఫిను డబ్బాలో సగం ఇటు తోసేవారు. మాట లేకపోతేనేం, చెయ్యి చురుకు అనేవారు. ఆ సగం మౌనమ్మకి గొంతు దిగేది కాదు.

ఇంట్లో అక్క ఊరుకోదు.

"భయపెట్టి చేయించారే. నువ్వు కావాలని చేశావా? ఎన్నాళ్ళిలా ముఖం చాటేస్తావు?"

"భయపెడితే మాత్రం? నా బుర్ర గడ్డి తిందా?"

"అయితే ఆ క్లాసు మానెయ్."

మానదు. కోర్సు పూర్తయితే, మోసపోయినవాళ్ళు ఫోన్ చేసుకునే సహాయ కేంద్రంలో కూర్చోనిస్తారు. ఒక్కరికి, ఒకే ఒక్కరికి, అలా జరక్కుండా ఆపితే చాలు. ఆపైన అద్దంలో ముఖం చూసుకోవచ్చు.

పళ్ళ బిగువున నేర్చుకుంది. పొడుగాటి పాస్‌వర్డు. దానిమీద రెండో తాళం. లింకు నొక్కేముందు అసలు అడ్రసు చదవడం. చెయ్యి జారితే మూడు పనులు: ఫోన్ పెట్టెయ్యాలి, కార్డు వెనకున్న నంబరుకి చేసి ఖాతా ఆపించాలి, పాస్‌వర్డు మార్చాలి.

ఆఖరి క్లాసు. మాస్టారు స్పీకరు ఆపేసి, సర్టిఫికెట్లు ప్రింటు తీయించడానికి కిందికెళ్ళారు. వరండాలో ఫోన్ మాట్లాడుతున్న పిన్నిగారు, ఫోన్ చెవిన పెట్టుకునే లోపలికొచ్చారు. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"ఫోన్‌కొచ్చిన ఆరంకెలూ చెప్పేశానర్రా."

మౌనమ్మ ఒక్క ఉరుకున ఫోన్ లాక్కుని కట్ చేసింది. మిగతావాళ్ళు చుట్టూ మూగారు. ఇన్నాళ్ళూ ఏం విన్నారండీ అని డ్రైవరు. ఇంకో పిచ్చితల్లి అని లెక్కల టీచరు. పాఠాలన్నీ కంఠతా వచ్చినవాళ్ళే. ఒక్కడు బ్యాంకుకి ఫోన్ చెయ్యడే!

మౌనమ్మే పిన్నిగారి సంచీలోంచి కార్డు తీసి, వెనకున్న నంబరు కలిపి, ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టింది. ఖాతా ఎవరిదైతే వాళ్ళే మాట్లాడాలి. అవతలివాళ్ళు పుట్టినతేదీ అడుగుతున్నారు. పిన్నిగారికి సొంత పేరే గుర్తు రావడంలేదు. మౌనమ్మ 'భయం లేదు' అని చీటీ రాసి చూపించింది. కళ్ళనిండా నీళ్ళున్న మనిషి చీటీ ఏం చదువుతుంది?

మాట కావాలి. ఈ క్షణమే కావాలి. నోరు తెరిస్తే తన పరువు పోతుంది. తెరవకపోతే పిన్నిగారు ముప్పైయేళ్ళు మిషను తొక్కి దాచుకున్నది పోతుంది.

మౌనమ్మ ఆవిడ ముందు మోకాళ్ళమీద కూలబడింది. నోరు తెరిచింది. ఒక్క మాటే, మెల్లగా, పసిపిల్లని జోకొట్టినట్టు.

పిన్నిగారి ఊపిరి కుదుటపడింది. పుట్టినతేదీ చెప్పారు. కార్డు నంబరు చెప్పారు. ఖాతా ఆగింది. పైసా పోలేదు.

"నువ్వు చల్లగా ఉండాలి తల్లీ," అన్నారు పిన్నిగారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు; ఆపేసి ఉన్న స్పీకరు వంక చూస్తున్నారంతా, "కంగారు పడకండమ్మా, గుక్కెడు మంచినీళ్ళు తాగండి" అన్న ఆ బ్యాంకావిడ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని.