కుక్క బొమ్మ సంచీ

“ఆ సంచీ ఎవరికి?”

హోల్మ్ అడిగిన తీరుకి చుట్టుపక్కల నాలుగు బల్లల దగ్గర కత్తులూ ఫోర్కులూ ఆగిపోయాయి. ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి తిన్నగా వచ్చిన జనంతో హోటల్ కిటకిటలాడుతోంది. వెర్నా చేతిలో కాగితం సంచీ ఉంది. దాని మీద నాలుక చాపిన కుక్క బొమ్మ.

వెర్నాకి డెబ్భై దాటాయి. హోల్మ్ ఆమె అద్దెకుండే ఇంటి ఓనరు. వయసులో ఆమె కన్నా పాతికేళ్ళు చిన్న, గొంతులో మాత్రం పెద్ద.

“చెప్పండి వెర్నా గారూ. ఇప్పుడే నా చెవులారా విన్నాను. ‘మా కుక్కకి కాస్త కట్టివ్వమ్మా’ అన్నారు. అద్దె కాగితం మీద సంతకం పెట్టినప్పుడు ఏం చదివారు? ఇంట్లో జంతువులు ఉండకూడదనేగా?”

“అదేదో మాటవరసకి అన్నాను, హోల్మ్ గారూ.”

“మాటవరసకి కుక్కలు పుట్టుకొస్తాయా? ఉంటే ఉందని చెప్పండి. శనివారానికల్లా ఇల్లు ఖాళీ చేసెయ్యండి.”

జనవరి నెల. బయట మోకాలి లోతు మంచు. ఆ అద్దెకి ఒమాహా ఊళ్ళో ఇంకో గది దొరకదని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. వెర్నా ముఖం పాలిపోయింది.

వడ్డించే మేవిస్ కాఫీ కూజాతో మధ్యలోకొచ్చింది. ఎదురుగా గవర్నరు కూర్చున్నా ‘బంగారం’ అని పిలిచే మనిషి ఆమె.

“ఏంటి బంగారం, ఈ గోల? డాగీ బ్యాగ్, అదే ఈ కుక్క సంచీ, అడిగితే కుక్కున్నట్టేనా? మరీ ఇంత అమాయకుడివేంటయ్యా! మిగిలింది ఇంటికి పట్టుకెళ్తామని చెప్పడానికి మొహమాటపడి జనం కుక్క పేరు చెప్తారు. ఈ సంచీలు పట్టుకెళ్ళేవాళ్ళందరికీ నిజంగా కుక్కలుంటే మన వీధుల్లో మనుషులు నడవడానికి చోటుండదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్క బల్ల దగ్గర ఒకాయన కుర్చీ పక్కనున్న తన సంచీని కాలితో మెల్లగా లోపలికి తోసుకున్నాడు.

హోల్మ్ నవ్వలేదు. పదిమందిలో తనని వెర్రివాణ్ణి చేశారని ఆయనకి ఒళ్ళు మండింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఇంటి ఓనరే మొండివాడైతే ఇక చెప్పేదేముంది! చటుక్కున సంచీ లాక్కుని పళ్ళెంలో బోర్లించాడు. సగం తిన్న మాంసం ముక్క, ఒక ఎముక, అంచుల్లో మాడిపోయిన కొవ్వు పడ్డాయి.

“ఇదంతా మీకేనా?”

“నాకే. రేపటికి.”

“ఈ ఎముక?”

“సూపు పెట్టుకుంటాను.”

“మరి ఈ మాడిన కొవ్వు? ఇదీ సూపుకేనా? దీన్ని కుక్క తింటుంది గానీ మనిషన్నవాడు ముట్టుకోడు. మీకే అయితే తినండి చూద్దాం. ఇక్కడే, నా ముందే.”

“ఛీ! సిగ్గులేదూ నీకు?” అంది మేవిస్.

వెర్నా చెయ్యెత్తి ఆమెని ఆపింది. కూర్చుంది. మాడిన కొవ్వుని వేళ్ళతోనే తీసి నోట్లో పెట్టుకుంది. పళ్ళు సరిగా లేని నోరు, నమలడం ఆమె వల్ల కావడం లేదు. అయినా నమిలింది. మంచినీళ్ళతో మింగింది. తర్వాత చల్లారిపోయిన మాంసం అందుకుంది. ఆమె అలా తింటుంటే అక్కడ ఎవరికీ ముద్ద దిగలేదు. ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు. మాంసమంతా అయిపోయేదాకా ఆమె హోల్మ్ ముఖం మీంచి చూపు తిప్పలేదు.

“కుక్కకని చెప్పుకోవడం తేలిక నాయనా,” అంది మూతి తుడుచుకుంటూ. “నాకే అని చెప్పుకోవడమే కష్టం. నలుగురిలో నాచేత చెప్పించావు. ఇప్పుడు తృప్తిగా ఉందా?”

హోల్మ్ చెవులు ఎర్రబడ్డాయి. “నన్ను క్షమించండి,” అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా. తర్వాత మేవిస్ వైపు తిరిగాడు. “మంచి ముక్క ఒకటి, పెద్దది, కాల్చి కట్టివ్వు. డబ్బులు నేనిస్తాను.”

“ఏ సంచీలో కట్టమంటావు బంగారం?” అంది మేవిస్. ఆయన తలెత్తలేదు.

తనే ఆమెని కారులో ఇంటికి తీసుకొచ్చాడు. సంచీ తనే మోస్తూ మూడంతస్తులు ఎక్కాడు. ఆమె తలుపు తాళం తీయబోతుంటే నెమ్మదిగా అడిగాడు.

“లోపల హీటర్ సరిగా పనిచేస్తోందా? ఒక్కసారి చూసి వెళ్తాను.”

తాళంచెవి సగంలో ఆగింది.

“ఇవాళ వద్దు నాయనా. నా గుట్టంతా ఊరి ముందు విప్పేశావు. కనీసం ఇల్లయినా దాచుకోనీ.”

హోల్మ్‌ ఆమె చేతికి సంచీ ఇచ్చి, టోపీ తీసి తల వంచి, మెట్లు దిగిపోయాడు. ఇంత పాపం ఎప్పుడూ చేయలేదనుకున్నాడు.

వెర్నా లోపల గడియ పెట్టింది. కారు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ తెర వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ తర్వాత నొప్పులతో మూలుగుతున్న మోకాళ్ళ మీదే నేలకి వంగి, మంచం మీది దుప్పటి అంచు పైకెత్తింది.

“రారా నాన్నా, వెళ్ళిపోయాడు,” అంటూ, తోకాడించుకుంటూ బయటికొచ్చిన ముసలి కుక్క ముందు సంచీ విప్పింది. “మెల్లగా తిను. ఇవాళ మన ఓనరే కొనిచ్చాడు నీకు.”