తొమ్మిదో బోర్డు

"ఈసారి నేను దూకను మేస్త్రిగారూ. ముందే చెప్తున్నా. మునిగితే మునగండి."

లైఫ్‌గార్డు ఇంకా ఏదో అనబోతుండగానే ముసలి వడ్రంగి నెత్తి మీది బోర్డును ఇసుకలో దించాడు. అలల మీద నిలబడి పోవడానికి సొంతంగా చేసుకున్న సర్ఫింగ్ బోర్డు. ఇది తొమ్మిదోది.

"దేంతో చేశారు దీన్ని?"

"బట్టల బీరువా తలుపులతో. లోపలంతా డొల్ల. గాలి తప్ప ఏమీ లేదు. తేలక ఛస్తుందా?"

"మరి బట్టలు?"

"మంచం మీదున్నాయిలే. ఒక్కణ్ణేగా, నాకు సగం మంచం చాలు."

గార్డు జెండా కర్రను సరిచేశాడు. ఈ ముసలాయన ఒకసారి ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్‌కి గోనెపట్టా చుట్టి తెచ్చాడు. ఒకసారి ఖాళీ నీళ్ళసీసాలు వలలో కుట్టి తెచ్చాడు. ఇంకోసారి బోర్డు తోకను చేప తోకలా రెండుగా చీల్చుకొచ్చాడు. అది చేపలకే తలవంపులు తెచ్చేలా మునిగింది. ఎనిమిదీ మునిగాయి. ప్రతిసారీ గార్డు దూకడం, ఈయన్ని చంక కింద పట్టి ఒడ్డుకి లాగడం, తువ్వాలుతో తల తుడుస్తూ చెడామడా తిట్టడం, ఫ్లాస్కులో టీ పొయ్యడం. టీ అయ్యేదాకా ముసలాయన తల వంచుకుని ఆ తిట్లన్నీ వినేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

రాళ్ళకి ఇవతల ఉన్న ఈ చిన్న తీరం పరీక్షల కోసమే. ఇంట్లో చేసుకున్న బోర్డు ఏదైనా సరే, ముందు గార్డు తనిఖీ చెయ్యాలి. తర్వాత దాని మీద నిలబడి మూడు అలలు దాటాలి. దాటితే చేసినవాడికి కార్డు ఇస్తారు. కార్డు వచ్చిన మనిషి ఇక ఏం చేసుకున్నా అవతలి పెద్ద తీరానికే పోవాలి. ఇక్కడికి రానక్కర్లేదు, రానివ్వరు కూడా.

"ఇవాళ గనక పాసయ్యారా, మీకూ నాకూ రుణం తీరిపోయినట్టే," అన్నాడు గార్డు.

"అంతేగా మరి," అని వడ్రంగి బట్టలు మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళాడు.

గార్డు బోర్డును బోర్లించి తడుముతూ పోయాడు. పనితనం చూస్తే ముచ్చటేసింది. అతుకు ఎక్కడుందో గోటికి కూడా దొరకడం లేదు. తోక దాకా వచ్చాక మాత్రం వేలు ఆగింది. పెన్సిలు పట్టేంత బెజ్జం. నీళ్ళలో దిగిన పావుగంటకి లోపలి డొల్లంతా నిండిపోతుంది.

చెప్తే ముసలాయన బోర్డెత్తుకుని ఇంటిదారి పడతాడు, మళ్ళీ నెలకి గానీ రాడు. చెప్పకపోతే మునుగుతాడు. ఎప్పట్లాగే తను దూకాలి, తిట్టాలి, టీ పొయ్యాలి. అదే బాగుందనిపించింది గార్డుకి. అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది కూడా. ఈ చలికాలమంతా ఇక్కడికి వచ్చిన మనిషి ఈయనొక్కడే. మిగతా రోజుల్లో గార్డు జెండాతో మాట్లాడతాడు. అది ఊగుతుంది, ఇతను దాన్నే ఊ కొట్టడం అనుకుంటాడు.

కానీ ఈ వయసులో తొమ్మిదోసారి కూడా ఓడిపోతే ఆ మనిషి ఏమైపోవాలి? గార్డు గుండె రాయి చేసుకున్నాడు. తన బల్ల సొరుగులోంచి మైనం ముద్ద తీసి బెజ్జంలోకి కూరి, వేలితో నున్నగా రాశాడు.

వడ్రంగి వచ్చాడు, బోర్డెత్తుకున్నాడు, నీళ్ళలో దిగాడు.

మొదటి అలకి లేచి నిలబడ్డాడు. బోర్డు బాణంలా దూసుకొచ్చింది. రెండో అలకీ అంతే. ఆ తర్వాత ముసలాయన లోపలికి పోయి, బోర్డు మీద చతికిలబడి కూర్చున్నాడు. మంచి అలలు వస్తున్నా వదిలేశాడు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. మాటిమాటికీ తోక వైపు తిరిగి చూస్తున్నాడు.

"భయపడకండి! ఏం కాదు! రండి!" అని గార్డు గొంతు చించుకుని అరిచాడు.

మూడో అల ఆయన్ని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే తెచ్చి ఇసుకలో దించింది. గార్డు చప్పట్లు కొట్టాడు. ఖాళీ తీరంలో ఆ చప్పుడు అతనికే ఎబ్బెట్టుగా వినిపించింది. కార్డు మీద ముద్ర వేసి తెచ్చాడు.

"తీసుకోండి మేస్త్రిగారూ. సాధించారు! రేపట్నుంచి మీరు పెద్ద తీరం మనిషి."

వడ్రంగి కార్డు వైపు చూడలేదు. బోర్డును తిరగేసి తోక తడిమాడు.

"ఇదెవరు మూశారు?"

"నేనే. ఇంత పనిమంతులు, అంత బెజ్జాన్ని చూసుకోకుండా ఎలా తెచ్చారండీ?"

"చూసుకోకపోవడమేంటి బాబూ," అన్నాడు ముసలాయన తల ఎత్తకుండా. "మునిగితేనే కదా నువ్వొచ్చేది. నేనే పెట్టాను."