వీపుకి తగలని సంచి

“ఈ సంచి నాకొద్దు. వెనక్కి తీసేసుకోండి,” అన్నాడు పెద్దాయన, వీపు సంచిని దుకాణం బల్ల మీద పెట్టేసి.

పక్కనే ఉన్న కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. “అయితే సైకిలు తాళంచెవి ఇటిచ్చెయ్ నాన్నా. పోయినవారం ఎండలో కళ్లు తిరిగి ఎక్కడ పడ్డావో గుర్తుందా?”

“ఎందుకు లేదు? గులాబీ మొక్కల మీద. ముళ్లు నువ్వే తీశావుగా.”

“నవ్వకు. నీళ్ల సంచి తగిలించుకోకపోతే ఇక నువ్వు సైకిలెక్కేది లేదు. అంతే.”

పెద్దాయన మొహం చిన్నబోయింది. తాళంచెవిని గట్టిగా గుప్పిట్లో పెట్టుకున్నాడు.

సంచుల కొలతలు చూసే అమ్మాయి మెడలో టేపు సర్దుకుంటూ వచ్చింది. “ఎక్కడ నొప్పి పెడుతోంది తాతగారూ?”

“నొప్పేం లేదు.”

“పోనీ, బరువుగా ఉందా?”

“బరువూ లేదు. అదే నా బాధ. అసలు వీపుకి తగలడమే లేదు.”

అమ్మాయి నవ్వింది. “అందుకేనండీ అందరూ దీన్ని కొనేది! వీపుకీ సంచికీ మధ్య ఈ వల ఉంది చూశారా? గాలి ఆడుతుంది, చెమట పట్టదు. నీళ్ల తిత్తి లోపలుంటుంది. తొక్కుతూనే ఈ గొట్టంతో తాగొచ్చు.”

“ఆ వల తీసెయ్యమ్మా.”

కూతురు తల పట్టుకుంది. “పాత గుడ్డసంచి మీద బెంగ లెండి ఆయనకి. అందులో తడిగుడ్డ చుట్టిన గాజుసీసా పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగేవాడు.”

“ఎంత చల్లగా ఉండేవో ఆ నీళ్లు! వంతెన దాటాక ఆగి చెరో గుక్కా...” అంటూ ఆగిపోయాడు పెద్దాయన. కాసేపు ఆయన మనసు ఆ దుకాణంలో లేదు.

అమ్మాయికి జాలేసింది. వల ఊడదీసి, మెడ దగ్గర్నుంచి నడుం దాకా కొలిచి, పట్టీలు బిగించింది. ఆయన వీధిలోకి వెళ్లి సైకిలెక్కి భుజాలు కదిపి చూశాడు.

“తిత్తి ఇంకాస్త పైకి.”

జరిపింది.

“ఎడమవైపుకి.”

“బరువంతా ఒక పక్కే పడితే సైకిలు అటే లాగుతుందండీ!”

“లాగనీ. నాకలవాటే. ఇంకోటి తల్లీ, ఇందులో గోరువెచ్చటి నీళ్లు పొయ్యి.”

“ఇప్పుడేగా చల్లటి నీళ్లన్నారు?”

“అవి తాగడానికి. ఇవి వీపుకి.”

అమ్మాయి కూతురి వంక చూసింది. కూతురు ఆయన వంక చూసింది. “మరి ఆ వెచ్చటివి తాగుతావా?”

“చుక్క మిగల్చను. ఒట్టు.”

“పొయ్యమ్మా, పొయ్యి. తాగితే చాలు.”

అమ్మాయి లోపలికెళ్లి, టీ కెటిల్లోని వేడినీళ్లు కాసిని కలిపి, తిత్తి నింపి తెచ్చింది. సంచిలో పెట్టి, ఎడమ భుజం కిందికి జరిపింది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. వంగిన వీపు నెమ్మదిగా నిటారైంది.

“ఆఁ... అక్కడే. అచ్చంగా అక్కడే.”

పెడల్ మీద కాలు పెట్టి, ఖాళీ క్యారియర్ వైపు తల కొంచెం తిప్పాడు. అమ్మ పోయినప్పటి నుంచీ ఇంట్లో వినపడని పిలుపు కూతురి చెవిన పడింది.

“ఏమేవ్, కుదురుగా కూర్చున్నావా? పోనివ్వనా?”