చంటిగాడి రైలు

“రైలా? దాని వెల విన్నావా?” అంటూ ఆయన కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. గడియారాలు బాగుచేసే మనిషి పని మధ్యలో అద్దం తీశాడంటే విషయం గట్టిదేనన్నమాట.

“విన్నాను. మెల్లగా మాట్లాడండి, పైన పిల్లలున్నారు” అంది ఆవిడ. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. అవతల బొమ్మల దుకాణం అమ్మాయి జవాబు కోసం కాచుకుని ఉంది.

క్రిస్మస్‌కి ఇంకా నాలుగు రోజులుంది. ఆ ఇంట్లో కానుకలకి ఒక చట్టం ఉంది. పెద్దది బుజ్జికి ఎంత పెడితే చిన్నవాడు చంటిగాడికీ అంతే పెట్టాలి, పైసా తేడా రాకూడదు. ఆ చట్టం ఊరికే పుట్టలేదు. ఒక క్రిస్మస్‌కి అక్కకి కోటు, తమ్ముడికి టోపీ కొన్నారు. అంతే, చంటిగాడు మూతి ముడుచుకుని భోజనం ముట్టలేదు. బుజ్జి తక్కువదా? ఆ కోటు తొడుక్కుని వాడి ముందే నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. అప్పట్నించి ఆవిడ త్రాసు చేత్తో పట్టుకున్నట్టే కొంటోంది.

“రైలు కొంటే బుజ్జికీ అంత పెట్టాలి. అంటే రెండు రైళ్ళ ఖర్చు. చలికాలం గడవాలా వద్దా?”

“బుజ్జికి ఆ పెద్ద రంగుల పెట్టె చెప్పాను, స్టాండుతో సహా. నాలుగు కుంచెలు కలిపితే సరిగ్గా రైలుకి సమానం.”

“అంటే అప్పుడే చెప్పేశావన్నమాట!”

“చెప్పలేదు, అడిగానంతే.”

“నీ అడగడం నాకు తెలీదా!”

పైన క్యారమ్ బోర్డు మీద ఏదో ధడేలుమంది. “అమ్మా! చంటిగాడు తొండి ఆడుతున్నాడు!” అని బుజ్జి కేక.

“నేనేం ఆడలేదమ్మా! అక్కే కాయ జరిపింది!”

“నేను పైకొచ్చానంటే ఆ బోర్డు అటకెక్కుతుంది!” అని ఆవిడ గొంతెత్తింది. పైన చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఆయన నవ్వు ఆపుకుంటూ, “పోనీ మిఠాయి డబ్బాలు కొందాం. ఇద్దరికీ ఒకటే సైజు, గొడవుండదు” అన్నాడు.

“బుజ్జికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, ఏం కొరుకుతుంది? వాడికేమో డాక్టరు తీపి తగ్గించమన్నాడు.”

“అయితే స్వెట్టర్లు.”

“ఏటా స్వెట్టర్లే కదండీ.” ఆవిడ గొంతు తగ్గింది. “వాడు రైలు అడిగిన మొదటి ఏడు గుర్తుందా? ఇంటి అద్దె కట్టేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. వచ్చే ఏడు చూద్దాం నాన్నా అన్నాం. ఆ ఏడు బుజ్జికి జబ్బు చేసింది. ఆ తరవాత మీ కొట్టు పైకప్పు కూలింది. ఆ తరవాత వాడు అడగటమే మానేశాడు. అడిగినన్నాళ్ళూ విసుక్కున్నాను గానీ, మానేశాక ప్రాణం ఉసూరుమంది.”

ఆయన పట్టకారుతో ఒక చిన్న చక్రం ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

“మరిచిపోయుంటాడులే.”

“మరిచిపోవడమా? మొన్న కూరలకి వాణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. తిరిగి చూస్తే పక్కన లేడు. బొమ్మల దుకాణం అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. లోపల రైలు తిరుగుతోంది. చెయ్యి పట్టుకుని లాక్కొస్తే తప్ప కదల్లేదు. పైగా ఇప్పుడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాడు. ఆడుకోడానికి ఏదో ఒకటి లేకపోతే అక్కా తమ్ముడూ జుట్లు పట్టుకుంటారు.”

కొడుకు అడిగినప్పుడల్లా ‘వచ్చే ఏడు’ అన్నది ఆయనే. ఆ మాటకి వాడు బుద్ధిగా తలూపి వెళ్ళిపోయిన తీరు ఆయనా మరిచిపోలేదు. మరిచిపోయినట్టు తిరగడం మాత్రం బాగా అలవాటైంది.

“బడి గోడ గడియారం బాగుచేసిన కూలి నిన్ననే వచ్చింది” అన్నాడు చివరికి. “సొరుగులో ఉంది. కొనెయ్.”

“నిజంగానా?”

“కొనెయ్ అన్నానా! అలాగే, ఇంజనుకి పొగ వస్తుందేమో కనుక్కో.”

“పొగ మీకెందుకూ?”

“ఊరికే. వాడికి నడపడం నేర్పించాలిగా.”

ఆవిడకి నవ్వొచ్చింది. రైలు ముందుగా ఎవరి చేతిలో ఉంటుందో, ‘ఒక్కసారి నాకివ్వు నాన్నా’ అని ఎవరు బతిమాలతారో అప్పుడే తెలిసిపోయింది. గుండెల మీది బరువు దిగి, చాలా హాయిగా అనిపించింది. ఫోను మీద చెయ్యి తీసింది.

“ఆఁ, అమ్మాయ్, రైలు ఖాయం. రంగుల పెట్టె కూడా. పొట్లాలు రెండూ ఒకే సైజులో కనపడేలా కట్టండి. వెనక గుమ్మం వైపు పంపండి, మా పెద్దది బీరువాలన్నీ గాలించేస్తుంది. అన్నట్టు, ఇంజనుకి పొగ వస్తుందా?”

“వస్తుందండీ. కూత కూడా వేస్తుంది.”

“కూత కూడానట!” అని ఆయనకి చెప్పింది. ఆయన కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

“ఒక్క మాటండీ” అంది దుకాణం అమ్మాయి. “రైల్లో చిన్నచిన్న భాగాలుంటాయి. మరీ పసివాళ్ళయితే మేం ఇవ్వకూడదు, నోట్లో పెట్టేసుకుంటారు. బాబుకి ఎన్నేళ్ళు?”

“నోట్లో పెట్టుకునే రకం కాదులే తల్లీ.”

“అయినా కాగితం మీద రాయాలండీ. ఎన్నేళ్ళు?”

“మొన్ననే అరవై నిండాయి.”