వీపుకు వీపు

"జొన్నచేను తలూపింది, చుక్క ఒకటి దిగివచ్చింది..." ఆ తర్వాతి ముక్క ముసలి కౌజుపిట్టకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. గుర్తున్నంత వరకే మళ్ళీ పాడింది.

"పాట చాల్లే అమ్మమ్మా. పొదలో బూచి ఉంది," అంది మనవరాలు పిందె.

లేదని ముసలిది అనలేకపోయింది. మొన్ననే అడవిపిల్లి వచ్చి పిందె తల్లినీ, అన్నలనూ పొట్టన పెట్టుకుంది. కౌజులు గుండ్రంగా చేరి, తోకలు లోపలికి, ముఖాలు బయటికి పెట్టుకుని పడుకుంటాయి. ఇప్పుడు ఆ గుండ్రంలో మిగిలింది ఇద్దరే.

"ఇటు రా తల్లీ. నీ వీపు నా వీపుకు ఆనించు. ముందు వైపు నువ్వు చూసుకో, నీ వెనకాల నేనున్నా."

"బూచి నా ముందుకే వస్తే?"

"అరిచి ఎగిరిపో."

"నీ ముందుకొస్తే?"

"నేను అరుస్తా. అప్పుడూ నువ్వు ఎగిరిపోవాలి."

"మరి నువ్వో?"

ముసలిదాని రెక్క విరిగి చాలా కాలమైంది, ఎగరలేదు. "నా సంగతెందుకే! నన్ను కొరికితే ఆ పిల్లికే పళ్ళూడతాయి," అంది.

పిందె నవ్వింది. ఆ నవ్వు ముసలిదాని వీపుకు తెలిసింది. మెల్లగా పిల్ల వణుకు తగ్గింది, మాట నిద్రలో ముద్దగా వచ్చింది.

"అమ్మమ్మా, బూచొస్తే నన్ను లేపు. నువ్వొక్కదానివే భయపడకు."