అత్త చెప్పిన సీరియల్

ఆ సాయంత్రం టీవీలో ఒక హిందీ మాట తనూజకి మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

టెక్కలి నుంచి హిందీ మాట్లాడే భుయ్యాడీహ్‌కి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకి హిందీ ముక్క రాదు. సీరియళ్ళు మొదలయ్యే వేళకి అత్త భద్రమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి మాటా తెలుగులో చెప్పేది. మధ్యలో తన తీర్పులూ ఇచ్చేది.

"ఈ హీరో ఉత్త దద్దమ్మ. తల్లి పిలిత్తే అటు, పెళ్ళాం పిలిత్తే ఇటు. ఆ డాక్టరమ్మ సూడు, పట్టుచీర కట్టుకుని ఆపరేసన్ సేత్తన్నాది! ఈ అత్త మాత్రం బంగారం."

ఇప్పుడు టీవీలో ఆ బంగారం అత్తే కోడలి పెట్టెను వీధిలోకి విసిరేసి, "నికల్ జావో మేరే ఘర్ సే!" అని అరిచింది.

"ఏటంతన్నాది అత్తా?" అడిగింది తనూజ.

"ఊరెల్తా పెట్టె మర్సిపోనావమ్మా, అంతన్నాది," అంది భద్రమ్మ తడుముకోకుండా.

తనూజ పకపకా నవ్వింది. "నా ఇంట్లోంచి పో అంతన్నాది. బజార్లో ఇని ఇని నాకూ తెలిసిపోనాది. ఇన్నాళ్ళూ అన్నీ ఇలాగే మార్సి సెప్పినావా?"

భద్రమ్మ మొహం చిన్నబోయింది. "కొత్తగా వచ్చినదానివి. రోజూ అలాటి అత్తల్ని సూత్తే నన్ను సూసి బెదిరిపోవా? నాకూ కోడలు కొత్తే గదే."

తనూజ రిమోట్ అందుకుని సౌండ్ పూర్తిగా తగ్గించేసింది. అత్త దగ్గరికి ఇంకాస్త జరిగి కూర్చుంది.

"ఇప్పుడు సెప్పత్తా. తర్వాత ఏటయ్యింది?"